ఆటల పీరియడ్ ఆటలకే ఇవ్వండి, గేటు ముందు కొట్లు జరిపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో బరువు తగ్గించే ఇంజెక్షన్ల మీద వేసిన పెద్ద వ్యాసం చదివాను. బాగానే రాశారు. ఎవరు వేసుకోవచ్చో, ఎవరు వేసుకోకూడదో డాక్టర్ల చేత చెప్పించారు, నెలకి ఎంతవుతుందో కూడా ఇచ్చారు. కానీ పేజీ అంతా వాటికే పోయి, అసలు ఊబకాయం రాకుండా ఏం చెయ్యాలన్నదానికి చివర్లో రెండంటే రెండు ముక్కలు మిగిలాయి: రోజూ నడవండి, జంక్ ఫుడ్ మానండి అని. అవి చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైపోతే మన్నించండి, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను తెనాలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పిల్లలు డ్రిల్ మేడమ్ అంటారు. డాక్టర్ని కాదు, న్యూట్రిషనిస్టునీ కాదు, కానీ పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పిల్లల ఒళ్ళు ఎలా మారుతుందో రోజూ ఎండలో నిలబడి చూసే ఉద్యోగం నాది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నలభై దాటి పొట్ట వచ్చాక నడక చెప్పడం కాదు, అంతకన్నా ముందు బడిలో ఆటల పీరియడ్ పిల్లలకి దక్కాలి, బడి గేటు ముందు అమ్మే చెత్త ఆగాలి. ఈ రెండింటికీ రూల్స్ ఉన్నాయి. అడిగేవాళ్ళే లేరు.

ఇదివరకు ఆరో తరగతిలో చేరే పిల్లల్లో బక్కచిక్కి, పాలిపోయి ఉన్నవాళ్ళ గురించే బెంగ పెట్టుకునేవాళ్ళం. వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు అదే లైన్లో, వాళ్ళ పక్కనే, గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పరిగెత్తమంటే సగంలో డొక్క పట్టుకుని ఆగిపోయే పిల్లలు, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేని పిల్లలు, మధ్యాహ్నం క్లాసులో కూర్చున్నచోటే తూగే పిల్లలు ఉన్నారు. ఆ తూగే పిల్లలు రాత్రి పెద్దవాళ్ళలా గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్ళు నవ్వుతూ చెప్తుంటారు. అది నవ్వే విషయం కాదు, మెడ చుట్టూ, గొంతులో కొవ్వు పేరుకుంటే నిద్రలో గాలి సరిగ్గా ఆడదు, రాత్రంతా నిద్ర తెగుతూనే ఉంటుంది, పొద్దున్నే తలనొప్పితో లేస్తారు, లెక్కలు ఎక్కవు. మాస్టార్లేమో వాడికి బద్ధకం అంటారు.

ఇంకో గుర్తు ఉంది, దీన్ని ప్రతి తల్లీ తెలుసుకోవాలి. కొంతమంది పిల్లలకి మెడ వెనకాల, చంకల్లో చర్మం నల్లగా మందంగా మడతలు పడి మఖమల్ గుడ్డలా అవుతుంది. మట్టి పట్టిందనుకుని అమ్మలు శనగపిండి పెట్టి, పీచు పెట్టి తోముతారు, పిల్ల ఏడుస్తుంది, అది మాత్రం పోదు. అది మట్టి కాదు. చాలామంది పిల్లల్లో అది ఒంట్లో ఇన్సులిన్ తన పని సరిగ్గా చెయ్యలేకపోతోందని చర్మం ఇస్తున్న గుర్తు. అలా ఉన్న ప్రతి పిల్లకీ షుగర్ వచ్చేస్తుందని నేననడం లేదు, డాక్టర్‌కి చూపించమని మాత్రం అంటున్నాను. బరువు అదుపులోకి వస్తే ఆ నలుపు తగ్గుతుంది కూడా.

ఇది నా ఒక్క స్కూలు గోల కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్ళు 24 శాతం అయితే మన ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. మగవాళ్ళలో దేశంలో 23 శాతం లోపు, మనకి 31.1. తెలంగాణలో ఆడవాళ్ళు 30.1, మగవాళ్ళు 32.3. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ దేశం సగటు కన్నా చాలా పైనున్నాయి. అదే సర్వేలో ఆంధ్ర ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది మాత్రం అందట్లేదు. మా స్కూల్లో లావుగా ఉన్న ఒక పిల్లకి హిమోగ్లోబిన్ తక్కువుందని చెబితే వాళ్ళ నాయనమ్మ నమ్మలేదు, ఇంత ఒళ్ళున్న పిల్లకి రక్తం లేకపోవడమేమిటి అంది. ఆ నాయనమ్మది తప్పు కాదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పైగా ఆ సర్వే లెక్క బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె, 25 దగ్గర మొదలవుతుంది. మనవాళ్ళు 23 దాటగానే జాగ్రత్త పడాలని మన డాక్టర్లు చెప్తున్నారు, దానికి కారణం ఉంది. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ ఇద్దరూ తమనే పోల్చుకుని 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2 శాతం. చొక్కా వేసుకుంటే ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు! మనకి కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు చేరడం ఎక్కువ, ఆ పొట్ట కొవ్వే లివర్‌లోకి, గుండె రక్తనాళాల్లోకి కీడు తెచ్చేది. అందుకే నేను తూకం కన్నా నడుము కొలతనే ఎక్కువ నమ్ముతాను. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. పిల్లలకి ఇంకా తేలిక: ఒక దారంతో ఎత్తు కొలిచి ఆ దారాన్ని సగానికి మడవండి, ఆ సగం నడుము చుట్టూ తిరిగి రావాలి, రాకపోతే ఆలోచించాలి. టేపు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఏ అమ్మైనా ఇంట్లో చేసుకోవచ్చు.

మా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడు వచ్చే అమ్మల్ని చూస్తుంటాను. ముప్పై అయిదు, నలభై ఏళ్ళ మనుషులు, గట్టిగా ఉండాల్సిన వయసు. నేల మీద కూర్చోమంటే కూర్చోలేరు, బెంచీ అడుగుతారు. మోకాళ్ళు అరిగిపోయాయంటారు. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి, అంటే పది కిలోలు ఎక్కువున్న తల్లి రోజంతా ఎంత మోస్తోందో లెక్కేసుకోండి. వాళ్ళ సంచుల్లో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు. పెళ్ళై రెండు మూడేళ్ళయినా పిల్లలు లేరని తిరిగే మా పాత స్టూడెంట్లు ఉన్నారు, పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య అన్నారట, బరువు తగ్గితే నెలసరి దారిలో పడుతుందని డాక్టర్ చెప్పారట. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళున్నారు, అలా వచ్చిన తల్లికి తర్వాత కూడా షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ, ఆ బిడ్డకీ ఎక్కువే. ఇక క్యాన్సర్ మాట జనానికి అసలు తెలియదు. పెద్దపేగు క్యాన్సర్, ముట్లు ఆగిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, ఇలా 13 రకాల క్యాన్సర్లకీ ఊబకాయానికీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లోనే చెప్పింది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేస్తున్నారు కాబట్టి అది అందరికీ తెలుసు. ఇది తెలియదు.

దేశం లెక్క కూడా చెప్పనివ్వండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ మీద చేసిన ఇండియాబ్ సర్వే 2023లో బయటికి వచ్చింది. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన, షుగర్ అంచున ఉన్నవాళ్ళు 13 కోట్ల పైన. పొట్ట దగ్గర ఊబకాయం ఉన్నవాళ్ళు దాదాపు 40 శాతం. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది, పరీక్షించిన వాళ్ళలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది, 71 శాతం మంది ఊబకాయులు. ఈ ఉద్యోగుల్లో ఎంతోమంది మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళే కదా. వాళ్ళు ఇంటర్ ఎక్కడ చదివారో, ఆ రెండేళ్ళూ ఎన్ని గంటలు కుర్చీలో కూర్చున్నారో, ఎన్నిసార్లు మట్టి మీద కాలు పెట్టారో ఎవరైనా అడగాలి.

ఇక్కడే నా అసలు బాధ. కౌమార వయసులో ఊబకాయం ఉన్న పిల్లల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు పెద్దయ్యాక కూడా ఊబకాయంతోనే ఉంటారని అధ్యయనాలన్నీ కలిపి చూసిన లెక్క ఉంది. అంటే నా గ్రౌండులో నిలబడ్డ ఈ వయసే కీలకం. సరిగ్గా ఈ వయసులోనే మనం పిల్లల ఆట తీసేస్తున్నాం. టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది. ఏడో తరగతి దాకా ఫర్వాలేదు. ఎనిమిదో తరగతి నుంచి లెక్కల సారు సిలబస్ అవలేదంటారు, సైన్స్ మేడమ్ రికార్డులు రాయించాలంటారు, పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ అన్నది పేరుకే. స్టడీ అవర్ అని సాయంత్రం కూడా కూర్చోబెడతారు. నేను గొడవ పెట్టుకుంటే, మేడమ్, రిజల్ట్ రాకపోతే అడిగేది మమ్మల్ని, మిమ్మల్ని కాదు అంటారు. నిజమే, వాళ్ళని అడుగుతారు. పిల్లకి ముప్పై ఏళ్ళకి షుగర్ వస్తే మాత్రం ఎవర్నీ అడగరు. పిల్లలకి రోజుకి గంటసేపైనా ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా పదో తరగతి పిల్లలకి వారానికి గంట కూడా దొరకడం లేదు.

మాదైనా నయం, చింతచెట్టూ నాలుగెకరాల గ్రౌండూ ఉన్న పాత స్కూలు. పట్నాల్లో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో, షాపింగ్ కాంప్లెక్సుల పై అంతస్తుల్లో నడిచే స్కూళ్ళు, కాలేజీలు చూడండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. మరి వాటికి గుర్తింపు ఎలా వచ్చింది? హాస్టల్లో పెట్టి పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా చదివించే రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలు రెండేళ్ళు ఎండ మొహం చూడరు. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చిన పిల్లని చూసి చుట్టాలు బాగా ఒళ్ళు చేశావే, హాస్టల్ తిండి పడిందే అని ముచ్చటపడతారు. ఆ తల్లిదండ్రులు లక్షలు కట్టి ర్యాంకు కొనుక్కుందామనుకుంటున్నారు, ఆరోగ్యాన్ని కూడా దాంతోపాటే కట్టేస్తున్నామని వాళ్ళకి తోచడం లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఆరు, ఏడు తరగతుల్లో ఖోఖో ఆడితే మగపిల్లల్ని మించి ఆడే పిల్లలు, పెద్దమనిషి అయ్యాక ఒక్కసారిగా మానేస్తారు. ఎండకి నల్లబడుతుంది, చూసేవాళ్ళు ఏమనుకుంటారు, కాలు విరిగితే పెళ్ళెవరు చేసుకుంటారు, ఇవే మాటలు. ఎస్‌జీఎఫ్ (స్కూళ్ళ మధ్య జరిగే ఆటల) పోటీలకి జిల్లా దాకా సెలెక్ట్ అయిన పిల్లని పంపించమని ఇంటికెళ్ళి బతిమాలితే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడినవాళ్ళున్నారు. అదే సమయంలో పిల్లకి బలం రావాలని మినప సున్నుండలు, నెయ్యి, నువ్వుల ఉండలు తినిపిస్తారు. అవి మంచి తిండే, ఒళ్ళు కదిలే పిల్లకి. తిండి పెంచి కదలిక ఆపేస్తే ఏమవుతుందో పైన సర్వే అంకెల్లో ఉంది. మన రాష్ట్రంలో ప్రతి ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరికి మించి అధిక బరువుందంటే దానికి బీజం పన్నెండు, పదమూడేళ్ళ వయసులో పిల్లని గ్రౌండు నుంచి వెనక్కి పిలిచిన రోజే పడుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. గ్రౌండులో ఆడపిల్లలకి ఒక బాత్‌రూము, బట్టలు మార్చుకునే గది, ట్రాక్ ప్యాంటు ఇస్తే సగం మంది తిరిగొస్తారు, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

ఇక తిండి. బడిలో పెట్టే భోజనాన్ని నేను తప్పుపట్టను. గుడ్డు ఇస్తున్నారు, చిక్కీ ఇస్తున్నారు, రాగి జావ ఇస్తున్నారు, కూరగాయలు ఇంకాస్త ఉంటే ఇంకా మేలు. సమస్య గేటు బయట. బెల్లు కొట్టగానే పిల్లలు పరిగెత్తేది అక్కడికే. అయిదు రూపాయల ప్యాకెట్లు, పది రూపాయల కూల్‌డ్రింకులు, రంగు వేసిన ఐస్‌లు, నల్లబడ్డ నూనెలో మళ్ళీ మళ్ళీ వేయించే బజ్జీలు, కొత్తగా నూడుల్స్ బండ్లు. పొద్దున్నే మిరపకోతలకి వెళ్ళే తల్లి అన్నం వండే టైం లేక పది రూపాయలు చేతిలో పెట్టి వెళ్తుంది. ఆమెని నేను ఏమీ అనను. ఆ పది రూపాయలకి గేటు ముందు ఒక అరటిపండో, ఉడకబెట్టిన శనగలో దొరికితే పిల్ల అవే తింటుంది. దొరికేది మాత్రం ప్యాకెట్టు. పావు లీటరు కూల్‌డ్రింక్‌లో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి చక్కెర 25 గ్రాములు దాటొద్దని చెప్తోంది. ఒక్క సీసాతో రోజు కోటా దాటిపోయింది, ఇంకా ఇంట్లో టీ, బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

సంపాదకులు గారూ, దీనికి రూల్ ఉందని ఎంతమందికి తెలుసు? దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి క్యాంటీన్‌లో గానీ, బడి గేటుకి ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదు. ప్రకటనలు కూడా పెట్టకూడదు. 50 మీటర్లు! మా స్కూలు కాంపౌండు గోడకే కూల్‌డ్రింక్ కంపెనీ బొమ్మ వేసి ఉన్న కొట్టు ఆనుకుని ఉంది. మీటింగుల్లో ఈ మాట ఎత్తితే, ఎవరో పేదవాళ్ళు బతుకుతున్నారు వదిలెయ్యండి మేడమ్ అన్నారు. ఆ కొట్టు పెట్టుకున్నామె పొట్ట కొట్టమని నేను చెప్పడం లేదు. 50 మీటర్లు అవతలికి జరపండి, లేదా అక్కడే ఉండి జామకాయలు, మొక్కజొన్న, వేరుశనగలు, మజ్జిగ అమ్ముకునేలా పంచాయతీ సాయం చెయ్యండి. మా పిల్లలే ఆమె గిరాకీ, వాళ్ళు ఎక్కడికీ పోరు. సీబీఎస్ఈ 2025లో తన స్కూళ్ళన్నిట్లో షుగర్ బోర్డులు పెట్టమంది, ఏ డ్రింకులో ఎంత చక్కెరో రాసి గోడకి తగిలించమంది. మంచి పని. మన రాష్ట్ర బోర్డు స్కూళ్ళకి, ఇంటర్ కాలేజీలకి ఎందుకు పెట్టకూడదు? ఒక అట్టముక్క, ఒక మార్కర్ పెన్నే కదా కావలసింది.

పైన కూర్చున్నవాళ్ళ సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారినప్పుడు చక్కెర కలిపిన కూల్‌డ్రింకుల మీద 40 శాతం పెట్టారు, సంతోషం. కానీ అదే రోజు నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు, నమ్కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద పన్ను 5 శాతానికి దించారు. ఇంటి ఖర్చు తగ్గుతుందని చేశారు, కాదనను. పిల్లలు తినే ప్యాకెట్ చవకయితే ఆస్పత్రి ఖర్చు ఎక్కడ తేలుతుందో కూడా చూడాల్సింది. ప్యాకెట్ ముందువైపు ఇందులో చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని హెచ్చరిక వేయాలన్న విషయం ఏళ్ళ తరబడి నలుగుతోంది, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టింది, ఆ గడువు మళ్ళీ పొడిగించారు. చిలీ దేశంలో 2016లోనే నల్లటి హెచ్చరిక గుర్తులు ప్యాకెట్ ముందు వేశారు, వాటిని బడుల్లో అమ్మడం ఆపారు, పిల్లలకి ఆ ప్రకటనలు చూపించడం ఆపారు, చక్కెర డ్రింకుల కొనుగోళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అక్కడి జనానికి మనకన్నా మనోనిబ్బరం ఎక్కువేం కాదు. ప్యాకెట్ మీద రాశారు, జనం చదివారు.

ఇంట్లో మనం చేసుకోవాల్సింది లేదా అంటే ఉంది, చాలా ఉంది. మన కంచంలో అన్నమే కొండలా ఉంటుంది, కూర పక్కన నంజుకోవడానికి. దేశంలో మనం తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్ 2025 అధ్యయనం చెప్పింది, అందులోనూ ఎక్కువ పాలిష్ బియ్యం, మైదా, చక్కెర. పొలంలో పది గంటలు వంగి పనిచేసిన తాతకి ఆ కంచం సరిపోయింది, సీటులో కూర్చునే మనవడికి అది ఎక్కువ. అన్నం మానెయ్యమని నేను చెప్పను. అన్నం పూర్తిగా మానేసి నూనెలు తాగే డైట్లూ, నిమ్మనీళ్ళ మీద బతికే డైట్లూ మన ఊళ్ళలో ఎన్ని వచ్చి పోయాయో చూశాం, తగ్గిన బరువు ఆర్నెల్లలో మళ్ళీ వచ్చింది. అన్నం సగం చేసి పప్పూ కూరా రెట్టింపు చేస్తే చాలు. జొన్న రొట్టె, రాగి సంకటి మనకి కొత్తవి కావు. నూనె సంగతి చూస్తే, పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకి 27 గ్రాములు అంది, అంటే నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. మీ పాఠకులు ఈ నెల తమ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో ఒక్కసారి లెక్కపెట్టుకోవాలి.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. లావుగా ఉన్న పిల్లల్ని వెక్కిరించొద్దు. డ్రమ్ము, గున్నేనుగు, రోడ్ రోలర్, ఇవన్నీ క్లాసులో నేను విన్న పేర్లు, కొన్ని మాస్టార్ల నోట కూడా విన్నాను. సినిమాల్లో లావుగా ఉన్న మనిషిని నవ్వించడానికే పెట్టడం చూసి పిల్లలు నేర్చుకుంటారు. వెక్కిరిస్తే బరువు తగ్గదు. ఆ పిల్ల గ్రౌండుకి రావడం మానేస్తుంది, టిఫిన్ మానేసి సాయంత్రం ఎవరూ చూడకుండా ప్యాకెట్లు తింటుంది, ఇంకా పెరుగుతుంది. ఆటల్లో కూడా మేము ఎంతసేపూ గెలిచే పది మందినే చూస్తాం, కప్పు తెచ్చేవాళ్ళని. మిగిలిన నాలుగొందల మంది గట్టు మీద కూర్చుంటారు. ఆ గట్టు మీదున్నవాళ్ళకే ఆట ఎక్కువ అవసరం. పరుగులో చివర వచ్చిన పిల్లకి కబడ్డీలో పట్టు బాగుండొచ్చు, షాట్‌పుట్ బాగుండొచ్చు, తాడు ఆట బాగుండొచ్చు. అధికారులు మా స్కూలుకి ఎన్ని పతకాలొచ్చాయని అడుగుతారు, ఈ రోజు ఎంతమంది పిల్లలకి చెమట పట్టిందని అడగరు. ఆ ప్రశ్న మొదలుపెడితే మా ఉద్యోగం తీరే మారిపోతుంది.

ఇంజెక్షన్ల విషయానికి వస్తాను. అవి వద్దని నేను అనను. బరువు వల్ల ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి డాక్టర్ రాస్తే అవి మేలే చేస్తాయి. కానీ ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళని గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో మళ్ళీ వచ్చిందని అధ్యయనం ఉంది, మీ వ్యాసంలో ఆ మాట లేదు. నెలనెలా అంత డబ్బు పెట్టి ఎన్నేళ్ళు వేసుకోగలరు మా ఊరివాళ్ళు? మీ పత్రిక జిల్లా పేజీల్లో మాత్రం నెలలో పది కిలోలు తగ్గిస్తాం, గ్యారంటీ అన్న పొడుల ప్రకటనలు, కషాయాల ప్రకటనలు వారం వారం వస్తున్నాయి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో ఊబకాయం కూడా ఉంది, దాన్ని నయం చేస్తామని మందులకి ప్రకటనలు ఇవ్వకూడదు. దయచేసి అవి ఆపండి. మా టీచర్లే ఆ పొడులు కొని వాంతులతో పడుకున్నారు.

మీ నుంచి ఇంకొకటి కూడా కోరుతున్నాను. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నాడు. ఒక టేపు ఇచ్చి పంపండి. ఆ మండలంలో ఉన్న ప్రతి బడి, కాలేజీ గేటు నుంచి 50 మీటర్లు కొలిపించి, ఆ లోపల ఏం అమ్ముతున్నారో రాయించండి. ఆటస్థలం ఉందా, ఉంటే దాని తాళం ఎవరి దగ్గరుంది, పదో తరగతి పిల్లలు కిందటి వారం ఎన్ని పీరియడ్లు ఆడారు, ఈ మూడు ప్రశ్నలు హెడ్మాస్టర్‌ని కాదు, పిల్లల్ని అడిగించండి. ఆ జవాబులు స్కూలు పేరుతో సహా జిల్లా పేజీలో వేసి, పక్కనే ఆ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారి, డీఈఓ ఏమంటారో వేయండి. మా మండలం నుంచి మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు, టేపు రెండో కొస నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా